కోంక్ ఊరి పాత చర్చి



ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఊరికి పేరు తెచ్చిన పవిత్రమైన వస్తువు ఒకటుంది. దాని కోసమే నలుమూలల నుంచి జనం వస్తారు, దానివల్లే ఊరికి నాలుగు రాళ్ళు దొరుకుతాయి. ఒకరోజు తెలిసింది, అది ఎప్పుడో మీ పెద్దలు వేరే ఊరి నుంచి దొంగిలించి తెచ్చినదని. మీరైతే ఏం చేస్తారు? తిరిగి ఇచ్చేస్తారా? నోరు మూసుకుని ఊరుకుంటారా? ఫ్రాన్సు దేశంలో ఒక ఊరివాళ్ళు ఈ రెండూ చేయలేదు. ఆ దొంగతనాన్ని గొప్ప ఘనకార్యంగా గ్రంథంలో రాసి పెట్టుకున్నారు. దాని మీద వచ్చిన పేరుతో, కానుకలతో ఒక చర్చి కట్టారు. దాదాపు 900 ఏళ్ళుగా ఆ చర్చి నిలిచి ఉంది. ఈనాటి ప్రసంగం ఆ చర్చిని గురించే.

ఆ ఊరి పేరు కోంక్. యానాం శ్రోతలకు ఫ్రాన్సు కొత్త కాదు, 1954 దాకా వారి ఊరు ఆ దేశం పాలనలోనే ఉండేది. అయితే ఫ్రాన్సు అనగానే పారిస్ నగరం, ఈఫిల్ స్తంభం గుర్తొస్తాయి. కోంక్ అటువంటి చోటు కాదు. పారిస్‌కు దక్షిణంగా సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, అవేరోన్ జిల్లాలో, కొండల మధ్య ఇరుక్కున్న పల్లె. జనాభా మూడు వందలకు లోపే. ఊరి కింద ఊష్ అనే సెలయేరు దూర్దూ అనే చిన్న నదిలో కలుస్తుంది. గుల్ల, శంఖం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. లోయ ఆకారం అట్లా ఉంటుంది. నేను ఆ ఊరు కళ్ళారా చూడలేదు. పాఠం చెప్పడానికి చదవడం మొదలుపెట్టి, పుస్తకాలలో, ఫోటోలలో దాని వెంట పడ్డవాణ్ణి. అందుచేత నేను చెప్పేది ఒక బడిపంతులు చెప్పే కథగానే వినండి.

8వ శతాబ్దం చివర దాదోన్ అనే సన్యాసి ఒకడు ఈ లోయలో ఒంటరిగా ఉండేవాడట. తరవాత కొందరు శిష్యులు చేరి మఠం అయింది. 819లో చక్రవర్తి లూయీ ఆ మఠానికి దానశాసనం ఇచ్చాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ 838లో అక్విటేన్ రాజు పెపిన్, ఈ కొండలోయ మరీ ఇరుకని చెప్పి, ఫిజాక్ అనే చోట, సాగుకు అనువైన నేల మీద, కొత్త మఠం పెట్టించాడు. దానికి 'కొత్త కోంక్' అని పేరు. పాత కోంక్ సన్యాసులకు గుండెలో రాయి పడింది. సన్యాసులు, దానాలు, పేరు అన్నీ అటు వెళ్ళిపోతే ఇక్కడ మిగిలేది గోడలే. రెండు మఠాల మధ్య పెద్దరికం తగవు 1096 దాకా, అంటే రెండున్నర శతాబ్దాలు సాగింది.

ఆ కాలపు క్రైస్తవ లోకంలో ఒక మఠానికి బలం ఏమిటంటే, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన పుణ్యాత్ముల అస్థికలు. అవి ఉన్నచోటికి రోగులు, యాత్రికులు, రాజులు వస్తారు. కోంక్‌లో అవి లేవు. అక్కడికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, ఆగెన్ పట్టణంలో ఉన్నాయి. అవి ఫ్వా అనే బాలిక అస్థికలు. లాటిన్‌లో ఆమె పేరు ఫిదెస్, విశ్వాసం అని అర్థం. 4వ శతాబ్దం తొలి ఏళ్ళలో రోమన్ చక్రవర్తి డయోక్లేషియన్ క్రైస్తవులను హింసిస్తున్న కాలంలో, పన్నెండేళ్ళ ప్రాయంలో, ఆ పిల్లను చంపారని పరంపరగా చెబుతారు.

కోంక్ నుంచి అరివిస్కస్ అనే సన్యాసి ఆగెన్ వెళ్ళాడు. అక్కడి మఠంలో చేరాడు. ఒక ఏడూ రెండేళ్ళూ కాదు, పదేళ్ళు వాళ్ళలో ఒకడిగా ఉన్నాడు. నమ్మకం సంపాదించాడు. చివరికి సమాధికి కాపలా అతనికే అప్పగించారు. ఒక పండుగ రాత్రి అందరూ భోజనాల దగ్గర ఉండగా సమాధి పగలగొట్టి, అస్థికలు సంచిలో వేసుకుని కోంక్ దారి పట్టాడు. ఇది 866 ప్రాంతంలో జరిగింది. ఈ వృత్తాంతం కోంక్ వాళ్ళే తరవాతి కాలంలో రాసుకున్నది. కనుక పదేళ్ళన్న లెక్క, పండుగ విందు, ఇవన్నీ కొంత కథ కోసం చేర్చి ఉండవచ్చు. కానీ గమనించండి, వాళ్ళు దాన్ని దొంగతనం అనలేదు. లాటిన్‌లో వాడిన మాటకు 'తరలింపు' అని అర్థం. పుణ్యాత్మురాలికి ఇష్టం లేకపోతే తన అస్థికలు కదలనిచ్చేదా, వచ్చిందంటే ఆమెకు ఇష్టమే కదా అని వాళ్ళ వాదం. మధ్యయుగంలో ఐరోపాలో ఇటువంటి తరలింపులు చాలా జరిగాయి, ఈ వాదమే అంతటా వినబడింది.

మా తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు రెండు జట్లయి తగవు పడ్డారు. తిరిగి ఇచ్చేయాలని కొందరు, అన్నేళ్ళు పూజించుకున్నాక వాళ్ళదే అని కొందరు. వెనక బెంచీలో ఉండే పిల్లవాడొకడు, సాధారణంగా నోరు విప్పడు, లేచి, "సార్, ఆ పిల్లదీ ఆగెనే కదా. వాళ్ళమ్మా నాన్నా ఉండే ఊరు కదా," అన్నాడు. నాకు జవాబు తోచలేదు. గంట కొట్టారు, బతికిపోయాను.

అస్థికలు వచ్చాక వాటిని ఉంచడానికి ఒక విగ్రహం చేయించారు. అది ఇప్పటికీ కోంక్‌లో ఉంది. ఎత్తు 85 సెంటీమీటర్లు. లోపల కొయ్య, పైన బంగారు రేకు. సింహాసనం మీద కూర్చున్న మూర్తి. ఒళ్ళంతా రాళ్ళు, ముత్యాలు, పాత రోమన్ కాలపు చెక్కుడు రత్నాలు. వచ్చినవాళ్ళు ఇచ్చిన కానుకలను ఎప్పటికప్పుడు దానికే పొదుగుతూ పోయారు. తల మాత్రం ఇంకా పాతది, 4, 5 శతాబ్దాల నాటి బంగారు శిరస్సు. ఎవరిదో తెచ్చి ఈ మొండేనికి అమర్చారు. నీలి గాజు కళ్ళతో నిటారుగా చూస్తుంటుంది. మగమొహమేనని చాలామంది పండితుల అభిప్రాయం. పన్నెండేళ్ళ ఆడపిల్లకు ఒక రోమన్ ప్రభువు మొహం వచ్చిందన్నమాట!

1013లో ఆంజే పట్టణం నుంచి బెర్నార్డ్ అనే పండితుడు కోంక్ వచ్చాడు. ఉత్తరాదివాడు, పెద్ద బడిలో చదువు చెప్పేవాడు. ఈ బంగారు బొమ్మ ముందు పల్లెజనం సాగిలపడుతుంటే చూసి, పాతకాలపు అన్యదేవతల విగ్రహాల వలె ఉందే అని తోడు వచ్చినవాడితో ఎగతాళి చేశాడట. తరవాత జనం చెప్పే మహిమలు విని, విచారించి, తప్పు ఒప్పుకున్నాడు. ఆ మహిమలన్నీ పుస్తకంగా రాశాడు. తన ఎగతాళిని కూడా అందులో దాచకుండా రాశాడు. ఆ నిజాయితీ వల్లనే ఆ పుస్తకం చరిత్రకారులకు అంత పనికొచ్చింది. అందులో ఫ్వా పెద్ద తత్వాలు చెప్పే దేవత కాదు. చిన్నపిల్ల. నగలంటే ఇష్టం. మంచి ఉంగరం ఉన్న ఆడవాళ్ళకు కలలో కనబడి ఇమ్మని మారాం చేస్తుంది. ఇవ్వకపోతే అల్లరి పెడుతుంది. ఆ మహిమలను అక్కడివాళ్ళు 'ఆటలు' అనేవారు. మఠం భూములను ఎవరైనా ఆక్రమిస్తే మన ఉత్సవ విగ్రహం మాదిరి ఆమెను ఊరేగించి ఆ పొలంలోకే తీసుకువెళ్ళేవారు. పోలీసులు, కోర్టులు లేని కాలం. దొర కోటలోని ఖైదీలు ఆమెను తలచుకుంటే సంకెళ్ళు ఊడిపోతాయని మరో నమ్మకం. విడుదలైనవాళ్ళు తమ ఇనుప సంకెళ్ళు తెచ్చి చర్చిలో ఒప్పజెప్పేవారు. అవి గుట్టలుగా పడితే కరిగించి చర్చికి తలుపులు చేయించారని బెర్నార్డ్ రాశాడు. గర్భగుడి చుట్టూ ఈనాటికీ అల్లికల్లాంటి ఇనుప కటకటాలున్నాయి. అవి 12వ శతాబ్దపు పనితనం. అవీ సంకెళ్ళ ఇనుమేనని ఊరివాళ్ళ మాట.

ఇంత జనం వస్తుంటే పాత చర్చి చాలలేదు. 11వ శతాబ్దం నడుమ ఒదోల్రిక్ అనే మఠాధిపతి కొత్త చర్చి పని మొదలుపెట్టాడు. పని 12వ శతాబ్దం తొలి భాగం దాకా సాగింది. మొదట ఎర్ర ఇసుకరాయి వాడారు. తరవాత తేనెరంగు సున్నపురాయి. కప్పులకు అక్కడ దొరికే బూడిదరంగు పలకరాయి. కొండవాలు కావడంతో చర్చి పొడవు పెంచడానికి చోటు లేదు. అందుకని ఎత్తు పెంచారు. లోపల నడిమి భాగం కప్పు 22 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇరుకైన వీధిలో నిలబడి తల ఎత్తి ఏడంతస్తుల మేడను చూసినట్టు ఉంటుంది.

దాని కట్టడంలో రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ప్రదక్షిణ మార్గం. యాత్రికులు గుంపులుగా వచ్చి అస్థికలను దర్శించుకోవాలి. అదే సమయంలో సన్యాసుల ప్రార్థనకు ఆటంకం కలగకూడదు. కనుక ఒక పక్క నడవలో ప్రవేశించి, పీఠం వెనకనుంచి చుట్టి, రెండో పక్క నడవలో బయటకు వచ్చేట్టు దారి ఏర్పాటు చేశారు. గుడిలో ప్రదక్షిణ చేసిన మనకు ఇది వివరించనక్కరలేదు. ఫ్రాన్సులో తూర్, లిమోజ్, తులూజ్ పట్టణాలలో, స్పెయిన్‌లో సాంతియాగోలో ఇదే పద్ధతిలో పెద్ద పెద్ద చర్చిలు కట్టారు. అవన్నీ పట్టణాలు. వాటి సరసన నిలిచే చర్చి ఒక మారుమూల పల్లెలో ఉండడం కోంక్ ప్రత్యేకత. సాంతియాగోకు కాలినడకన వెళ్ళే యాత్రికుల దారులలో ఒకటి ల్ ప్వీ పట్టణంలో మొదలై కోంక్ మీదుగానే పోతుంది.

రెండోది, కప్పు. పైన ఉన్నది గొట్టాన్ని నిలువునా చీల్చి బోర్లించినట్టుండే రాతి కప్పు. అంత బరువు గోడలను రెండు వైపులా బయటికి తోస్తుంది. ఇనుము, సిమెంటు లేవు. ఆ తోపుడును ఆపడానికి పక్క నడవల మీద రెండో అంతస్తు కట్టి, దానికి పావువంతు గొట్టం ఆకారంలో కప్పు వేశారు. బండి ఒరిగిపోతుంటే ఇద్దరు మనుషులు చెరో వైపు భుజం ఆనించి నిలబడ్డట్టు. మరి ఈ ఏర్పాటుతో ఇబ్బంది ఏమిటంటే, నడిమి గోడలకు పైన కిటికీలు పెట్టడానికి వీలుండదు. వెలుతురంతా పక్క అంతస్తు కిటికీలను దాటి లోపలికి రావాలి. ఆ మసక వెలుతురు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక పడమటి గుమ్మం. కోంక్ పేరు లోకానికి తెలిసింది ఈ గుమ్మం మీది శిల్పంతో. తలుపుల పైన అర్ధచంద్రాకారంలో, ఆరున్నర మీటర్లకు పైగా వెడల్పున, లోకాంతంలో జరిగే తీర్పును చెక్కారు. మొత్తం 124 బొమ్మలున్నాయని లెక్క. అక్కడక్కడా పాత నీలం, ఎరుపు రంగులు ఇంకా కనబడతాయి. నడుమ క్రీస్తు. ఆయన కుడిచేతి వైపు స్వర్గం, ఎడమచేతి వైపు నరకం. కింద ఒక దేవదూత, ఒక దయ్యం ఎదురెదురుగా నిలబడి తక్కెడలో ఆత్మలను తూస్తున్నారు. దయ్యం వేలితో తక్కెడ పళ్ళెం నొక్కుతున్నాడు! సంతలో దండి కొట్టే వర్తకుణ్ణి చూసే శిల్పి అది చెక్కి ఉంటాడు.

స్వర్గం వైపు అంతా వరసగా, నిదానంగా ఉంటారు. మేరీమాత, తాళంచెవి పట్టుకున్న పీటర్, వారి వెనక చేతికర్రతో సన్యాసి, మఠాధిపతి. మఠాధిపతి ఒక రాజును చేయి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆ రాజు షార్లమాన్ చక్రవర్తి అని చెబుతారు. మహా చక్రవర్తి బడికి మొదటిసారి వచ్చిన పిల్లవాడిలా బెదురుతూ నడుస్తున్నాడు. వెనక సేవకులు కానుకలు మోసుకొస్తున్నారు. మా మఠానికి ఇచ్చాడు కాబట్టే లోపలికి వస్తున్నాడు అని సన్యాసుల భావం. వాళ్ళ గడుసుతనానికి నవ్వొస్తుంది. వాళ్ళకు కింద ఒక మూలన చిన్న బొమ్మ, ఫ్వా. మోకరిల్లి ఉంది. పైనుంచి దేవుని చేయి ఒక్కటే దిగివచ్చి ఆమె తలను తాకబోతోంది. ఆమె వెనక కమానులకు సంకెళ్ళు వేలాడుతున్నాయి.

నరకం వైపు ఒకటే తొక్కిసలాట. గర్విష్ఠి అయిన యోధుణ్ణి గుర్రం మీదనుంచి తలకిందులుగా పడదోస్తున్నారు. పిసినారిని మెడకు డబ్బుసంచీ కట్టి ఉరితీశారు. దొంగనాణేలు చేసినవాడికి కరిగిన లోహం తాగిస్తున్నారు. వేటగాణ్ణి చువ్వకు కట్టి కాలుస్తున్నది కుందేలట. అడవులు మఠానివి కాబట్టి, దొంగవేట నరకానికి తగ్గ పాపమయింది. అయితే సన్యాసులు తమను మాత్రం వదిలిపెట్టుకున్నారా అంటే, లేదు. చేతిలో అధికార దండం ఉన్న చెడ్డ మఠాధిపతి ఒకణ్ణి దయ్యం వలవేసి పట్టింది. ఈ ఒక్క బొమ్మకోసం నేను మిగతా గడుసుతనమంతా మన్నిస్తాను.

వీటన్నిటి చుట్టూ విల్లులా తిరిగిన అంచు ఉంది. ఆ అంచు పట్టుకుని, వేళ్ళు కనబడేట్టు, ముక్కుదాకా తల ఎత్తి లోపలికి తొంగిచూసే 14 చిన్న మొహాలున్నాయి. తీర్పుతో వాళ్ళకేమీ పని లేదు. ఊరికే చూస్తున్నారు. ఫ్రెంచివాళ్ళు వాటిని 'కుతూహలపరులు' అంటారు. పంచాయతీ జరుగుతుంటే అరుగు పక్కన నక్కి చూసే పిల్లలు లేని ఊరు ఎక్కడుంది చెప్పండి.

తరవాతి కథ తగ్గుముఖం. యాత్రికులు తగ్గారు. 1568లో మతయుద్ధాలలో ప్రొటెస్టెంటు దళాలు చర్చికి నిప్పుపెట్టాయి. అయినా కట్టడం నిలిచింది. అసలు ప్రమాదం ఫ్రెంచి విప్లవంతో వచ్చింది. మఠాలు రద్దయ్యాయి. దేశమంతటా చర్చిల బంగారం, వెండి కరిగించి ఖజానాకు పంపుతున్నారు. కోంక్ నిధి సంగతి అందరికీ తెలిసినదే. అధికారులు వచ్చేలోగా ఒక రాత్రి ఊరివాళ్ళు ఆ వస్తువులను తలా ఒకటి పంచుకుని, ఇళ్ళలో, తోటలలో, చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టే కొట్టాలలో దాచేశారని ఊరి పరంపర. అలజడి అంతా సద్దుమణిగాక ఎవరు దాచినవి వారు తెచ్చి ఇచ్చారు. వాళ్ళేమీ కలిగినవాళ్ళు కాదు. రాతినేల మీద బతుకు ఈడ్చే రైతులు. ఒక్క రత్నం అమ్ముకుంటే ఆ కుటుంబం ఏళ్ళ తరబడి తినేది. దొంగతనంతో వచ్చిన నిధిని తొమ్మిదివందలకు పైగా ఏళ్ళ తరవాత వందలమంది నిజాయితీ కాపాడింది.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ చరిత్ర చెప్పేవాడు మిగతాది కూడా చెప్పాలి. అదే ఊరివాళ్ళు 19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో చర్చి పక్కనున్న మఠం నడవను, 1100 ప్రాంతంలో బెగోన్ అనే మఠాధిపతి కట్టించినదాన్ని, రాతిగనిలా వాడుకున్నారు. చెక్కిన రాళ్ళు ఊడదీసి ఇళ్ళ గోడలకు పెట్టుకున్నారు. ఇప్పుడు రెండు మూడు కమానులు, కొన్ని స్తంభశీర్షాలు తప్ప దానిలో మిగిలినవి లేవు. బంగారం పవిత్రం, రాయి రాయే అనుకున్నారేమో. వాళ్ళను తప్పుపట్టే అర్హత మనకుందా అని మన ఊరి శిథిల కోటలను, బురుజులను చూసి ఎవరికి వారు చెప్పుకోవాలి.

1837లో ప్రాచీన కట్టడాల తనిఖీ అధికారిగా ప్రోస్పెర్ మెరిమే కోంక్ వచ్చాడు. 'కార్మెన్' కథ రాసిన రచయిత ఈయనే. ఇటువంటి మారుమూలలో ఇంత సంపద ఉంటుందని ఆయన అనుకోలేదు. చర్చి పడిపోయే స్థితిలో ఉంది. ఆయన పట్టుదల వల్ల అది 1840లో ప్రభుత్వ రక్షిత కట్టడాల తొలి జాబితాలోకి ఎక్కింది. 1875లో మరమ్మతులు చేస్తుండగా పీఠం దగ్గరి గోడలో ఒక తోలుపెట్టె బయటపడింది. అందులో ఫ్వా అస్థికలు ఉన్నాయి. ఎప్పుడో ఏ గండంలోనో ఎవరో గోడ కట్టి దాచి ఉంటారు.

సరిహద్దు జిల్లాల శ్రోతలకు ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు కోంక్ ప్రజల మాతృభాష ఫ్రెంచి కాదు. ఓక్సిటాన్ అనే వేరే భాష. ఆ భాషలో దొరికిన అతి పాత కావ్యాలలో ఒకటి ఈ ఫ్వా కథే, 11వ శతాబ్దం నాటిది. దాని ప్రతి 1901లో హాలెండు దేశంలోని లైడెన్ గ్రంథాలయంలో బయటపడింది. సరిగ్గా ఆ కాలంలోనే దక్షిణ ఫ్రాన్సు బడులలో ఆ భాష మాట్లాడిన పిల్లల మెడలో ఒక గుర్తు వేలాడదీసేవారు. ఇంకో పిల్లవాడు ఆ మాట అనేదాకా అది మోయాలి, అంటే తోటివాణ్ణి పట్టివ్వాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. రెండు భాషలలో పాఠం చెప్పే నాకు ఈ ముక్క చదివినప్పుడు చర్చి సంగతి కాసేపు మరుపున పడింది.

చివరిగా, ఆ మసక వెలుతురు. పియేర్ సూలాజ్ అనే చిత్రకారుడు 1919లో కోంక్‌కు దగ్గరి రోదేజ్ పట్టణంలో పుట్టాడు. బడిపిల్లవాడిగా ఈ చర్చి చూడడానికి వచ్చి, తన బతుకు కళకే అని అక్కడే నిర్ణయించుకున్నానని తరవాత చెప్పేవాడు. నల్లరంగు చిత్రాలతో లోకప్రసిద్ధుడయ్యాడు. 1986లో ప్రభుత్వం ఆయనకు ఈ చర్చి కిటికీలు అప్పగించింది. మొత్తం 104. అప్పటికున్న రంగురంగుల బొమ్మల అద్దాలు తీసేస్తారని తెలిసి ఊళ్ళో కొందరు వ్యతిరేకించారు. సూలాజ్ అసలు రంగే లేని అద్దం కావాలన్నాడు. అటుపక్క ఏముందో కనబడకూడదు, వెలుతురు మాత్రం రావాలి. అటువంటి గాజు దొరకలేదు. తులూజ్‌కు చెందిన అద్దాల పనివాడు ఫ్లోరీతో కలిసి ఏళ్ళ తరబడి వందల ప్రయోగాలు చేసి తయారు చేయించాడు. 1994లో పని పూర్తయింది. 1998లో సాంతియాగో యాత్రామార్గాలతో పాటు ఈ చర్చి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సూలాజ్ 2022లో, 102 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఆ కిటికీల గాజుకు రంగు లేదని చెప్పాను కదా. కానీ ఉదయం నీలిగా, పొద్దు తిరిగాక నారింజ ఛాయగా అవి మారుతుంటాయని చూసినవాళ్ళు చెబుతారు. సాయంత్రం పడమటి ఎండ గుమ్మం మీది శిల్పం మీద పడుతుంది. స్వర్గం, నరకం, తక్కెడ, అంచు పట్టుకుని తొంగిచూసే ఆ పద్నాలుగు మొహాలు, అన్నీ కాసేపు ఒకే పసుపురంగులో ఉంటాయి.